పీటర్ మూర్స్: వికెట్ల వెనక నుంచి కోచ్ కుర్చీ దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ జట్టు కోచ్‌గా రెండుసార్లు ఉద్యోగం పోగొట్టుకున్న మనిషిగానే మనలో చాలామందికి పీటర్ మూర్స్ తెలుసు. అంతవరకే చెప్పి వదిలేస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే. కౌంటీ క్రికెట్‌లో, అంటే ఇంగ్లండ్‌లోని ప్రాంతీయ జట్ల దేశవాళీ పోటీల్లో, ఆయన చేసిన పని ఇంకెవరూ చేయలేదు. 2025 సెప్టెంబరులో నాటింగ్‌హామ్‌షైర్ చాంపియన్‌షిప్ గెలిచాక ఆయన గురించి అడిగేవాళ్లు పెరిగారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి.

అసలు పీటర్ మూర్స్ ఎవరు?

1962 డిసెంబరు 18న ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో, మాకల్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో పుట్టాడు. వికెట్ కీపర్. వూస్టర్‌షైర్‌లో మొదలుపెట్టి, 1985లో ససెక్స్‌కి వచ్చి 1998 దాకా అక్కడే ఆడాడు. ఆ తర్వాత కోచ్ అయ్యాడు. ససెక్స్, ఇంగ్లండ్, లాంకషైర్, మళ్లీ ఇంగ్లండ్, నాటింగ్‌హామ్‌షైర్: వరస ఇదీ. మూడు వేర్వేరు కౌంటీలకు చాంపియన్‌షిప్ అందించిన మొట్టమొదటి కోచ్ ఆయనే.

ఇంగ్లండ్‌కి ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు?

ఒక్కటి కూడా లేదు. టెస్టు లేదు, వన్డే లేదు.

మరి ఆటగాడిగా స్థాయి ఏమిటి?

మంచి కౌంటీ కీపర్. 231 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల్లో 7,351 పరుగులు, 7 సెంచరీలు, 502 క్యాచ్‌లు, 44 స్టంపింగ్‌లు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో కీపర్ స్థానానికి పోటీ విపరీతం. జాక్ రస్సెల్ ఒకడు, అలెక్ స్టీవర్ట్ ఒకడు, స్టీవ్ రోడ్స్ ఇంకొకడు. వీళ్లను దాటుకుని పైకి వెళ్లడం అయ్యే పని కాదు. మూర్స్ కూడా వెళ్లలేకపోయాడు.

ససెక్స్‌లోనూ మొదట్లో చోటు ఖాళీగా లేదు. ఇయాన్ గౌల్డ్ కీపింగ్ చేస్తుండేవాడు. తర్వాతి కాలంలో అంపైర్‌గా మన టీవీల్లో కనిపించిన గౌల్డ్ ఇతనే. కొన్నేళ్లు ఓపిక పట్టాకే మూర్స్‌కి గ్లవ్స్ దక్కాయి. 1993లో లార్డ్స్‌లో జరిగిన నాట్‌వెస్ట్ ట్రోఫీ ఫైనల్లో కీపింగ్ చేసింది ఆయనే. ససెక్స్ 60 ఓవర్లలో 321 కొట్టింది. ఆ రోజుల లెక్కలో అది కొండంత స్కోరు. వార్విక్‌షైర్ దాన్ని ఆఖరి బంతికి ఛేదించింది.

కీపర్లు కోచ్‌లుగా రాణిస్తారు అంటారు. నిజమా, ఊరికే అనే మాటా?

నా ఉద్దేశంలో నిజమే, కాకపోతే కారణం జనం అనుకునేది కాదు. "కీపర్ ప్రతి బంతినీ చూస్తాడు కాబట్టి ఆట బాగా అర్థమవుతుంది" అంటారు. ప్రతి బంతినీ అంపైరూ చూస్తాడు. కీపర్ చూడడంతో ఆగడు, ప్రతి బంతికీ పని చేయాలి.

నాలుగు రోజుల మ్యాచ్‌లో ఒక రోజు 96 ఓవర్లు వేస్తారు. రోజంతా ఫీల్డింగ్ అయితే దాదాపు 580 సార్లు గొంతుక్కూర్చుని లేవాలి. బరువు మడమల మీద పడకూడదు, పాదాల ముందు భాగం మీదే ఉండాలి. బంతి పిచ్ మీద పడేదాకా కిందే ఉండాలి, పడ్డాక దానితోపాటే లేవాలి. ముందే లేస్తే తక్కువ ఎత్తులో వచ్చిన బంతి గ్లవ్స్ కింద నుంచి పోతుంది. స్పిన్నర్‌కి స్టంప్స్ దగ్గర నిలబడ్డప్పుడు బ్యాట్స్‌మన్ శరీరం అడ్డొచ్చి లెగ్ సైడ్ బంతి ఒక క్షణం కనిపించదు. ఆ క్షణం బంతి ఎక్కడికి వస్తుందో ఊహించి చేతులు అక్కడ పెట్టాలి. బౌలర్ మణికట్టు, బంతి పడిన చోటు, బ్యాట్స్‌మన్ కాలు, మూడూ చూసి చేసే ఊహ అది.

ఇంత చేసినా జనం చూసేది వదిలేసిన క్యాచ్‌నే. మంచి కీపింగ్ జరిగిన రోజు కీపర్ గురించి ఎవరూ మాట్లాడరు. కోచ్ ఉద్యోగం కూడా సరిగ్గా ఇంతే. జట్టు గెలిస్తే ఆటగాళ్ల గొప్ప, ఓడితే మొదటి వేలు కోచ్ వైపు. అలా బతకడం కీపర్‌కి పదిహేనేళ్లుగా అలవాటై ఉంటుంది.

ఇంకో సంగతి. అలసిపోయిన బౌలర్‌ని మాటలతో నిలబెట్టేది, స్లిప్‌లో వాళ్లని కునుకు తీయనివ్వనిది, ఫీల్డింగ్‌లో ఊపు తగ్గితే అరిచి లేపేది కీపరే. మూర్స్‌ని కోచ్‌గా మెచ్చుకున్నవాళ్లూ విసుక్కున్నవాళ్లూ కూడా ఒక్క మాట మీద నిలబడతారు: మనిషిలో ఉత్సాహానికి లోటు లేదు. ఆ అరుపు గ్లవ్స్ వేసుకున్న రోజుల నుంచి వచ్చిందే.

కోచ్ ఎలా అయ్యాడు?

ఇల్లు కూలిపోయినప్పుడు బాధ్యత నెత్తిన పడింది. 1996 సీజన్ అయ్యాక ససెక్స్ నుంచి పేరున్న ఆటగాళ్లు వరసగా వెళ్లిపోయారు. కెప్టెన్ అలన్ వెల్స్, లెగ్ స్పిన్నర్ ఇయాన్ సాలిస్‌బరీ అందులో ఉన్నారు. సభ్యులు తిరగబడి క్లబ్ పెద్దలను మార్చేశారు. మిగిలిన జట్టుకి 1997లో మూర్స్ కెప్టెన్. ఆ ఏడాది చాంపియన్‌షిప్‌లో ససెక్స్ అట్టడుగున నిలిచింది.

1998లో డెర్బీషైర్ నుంచి క్రిస్ ఆడమ్స్ కెప్టెన్‌గా వచ్చాడు. మూర్స్ గ్లవ్స్ పక్కన పెట్టి కోచింగ్‌లోకి మారాడు. 35 ఏళ్ల వయసు, చేతిలో అడుగున పడిపోయిన జట్టు. ఆయన కోచింగ్ జీవితం అక్కడ మొదలైంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాతి కథ సులభంగా అర్థమవుతుంది.

ససెక్స్ 2003 టైటిల్‌కి అంత ప్రాముఖ్యం ఎందుకు?

ససెక్స్ 1839లో పుట్టిన క్లబ్. కౌంటీలన్నింటిలోకీ పాతది. రంజీ ఆడింది అక్కడే, ఆయన సోదరుడి కొడుకు దులీప్ ఆడింది అక్కడే. మన రంజీ ట్రోఫీకీ దులీప్ ట్రోఫీకీ పేర్లిచ్చిన ఇద్దరూ ససెక్స్ మనుషులే. అలాంటి కౌంటీ 1890లో మొదలైన అధికారిక చాంపియన్‌షిప్‌ని 2003 దాకా ఒక్కసారి కూడా గెలవలేదు.

మూర్స్, ఆడమ్స్ దాన్ని మెట్టు మెట్టుగా కట్టారు. 2000లో చాంపియన్‌షిప్‌ని రెండు డివిజన్లు చేశాక 2001లో రెండో డివిజన్ గెలిచారు. 2003కి పాకిస్తాన్ లెగ్ స్పిన్నర్ ముస్తాక్ అహ్మద్‌ని తెచ్చుకున్నారు. అప్పటికి ముస్తాక్ పనైపోయిందనే చాలామంది అనుకున్నారు. ఆ సీజన్‌లో అతను 103 వికెట్లు తీశాడు. అటు తిరుగుతుందనుకుంటే ఇటు తిరిగే అతని గూగ్లీ చదవలేక కౌంటీ బ్యాట్స్‌మెన్ తికమకపడ్డారు.

టైటిల్ ఖాయమైన మ్యాచ్ సెప్టెంబరులో హోవ్ మైదానంలో, లీస్టర్‌షైర్ మీద. మైదానం సముద్రం వైపు వాలుగా ఉంటుంది, దక్షిణం వైపు నుంచి ఉప్పుగాలి కొడుతుంది. జింబాబ్వేకి చెందిన ముర్రే గుడ్విన్ ఆ మ్యాచ్‌లో 335 నాటౌట్ కొట్టాడు. 1930లో దులీప్ కొట్టిన 333 అప్పటిదాకా ససెక్స్ రికార్డు. 113 ఏళ్ల ఎదురుచూపు ముగిసిన మ్యాచ్‌లోనే 73 ఏళ్ల రికార్డూ పోయింది.

ససెక్స్ 2006లో, 2007లో మళ్లీ గెలిచింది. అప్పటికి మూర్స్ వెళ్లిపోయాడు. కోచ్ మార్క్ రాబిన్సన్. కానీ జట్టు పునాది మూర్స్ వేసిందేనని ఎవరైనా ఒప్పుకోవాల్సిందే.

ఇంగ్లండ్ కోచ్ పదవి ఎలా వచ్చింది?

2005లో లఫ్‌బరోలోని నేషనల్ అకాడమీకి డైరెక్టర్ అయ్యాడు. ఆయనకు ముందు ఆ కుర్చీలో ఉన్నది ఆస్ట్రేలియా కీపర్ రాడ్ మార్ష్. ఆస్ట్రేలియాతో ఆడే 2006–07 యాషెస్ టెస్టు సిరీస్‌లో ఇంగ్లండ్ 5-0తో ఓడి, వెంటనే ప్రపంచకప్‌లోనూ తేలిపోవడంతో 2007 ఏప్రిల్‌లో డంకన్ ఫ్లెచర్ తప్పుకున్నాడు. ఆ స్థానంలో మూర్స్. అసిస్టెంట్‌గా ఆండీ ఫ్లవర్‌ని తెచ్చుకున్నాడు. అతనూ కీపరే.

మొదటిసారి ఫలితాలు అంత ఘోరమా?

కాదు. 22 టెస్టుల్లో 8 గెలుపులు, 6 ఓటములు, 8 డ్రాలు. వెస్టిండీస్‌ని, న్యూజిలాండ్‌ని రెండుసార్లు ఓడించారు. ఇండియా, శ్రీలంక, దక్షిణాఫ్రికా చేతిలో సిరీస్‌లు పోయాయి. గొప్ప రికార్డు అనలేం, చెత్త అని కొట్టిపారేయలేం.

అంకెల్లో కనిపించని ఒక నిర్ణయం మాత్రం ఉంది. 2008 మార్చిలో హామిల్టన్‌లో న్యూజిలాండ్ చేతిలో ఓడాక స్టీవ్ హార్మిసన్‌ని, మాథ్యూ హోగార్డ్‌ని ఇద్దరినీ ఒకేసారి పక్కన పెట్టారు. 2005 యాషెస్ గెలిపించిన బౌలర్లు వాళ్లు. వాళ్ల చోట వెల్లింగ్టన్‌లో జేమ్స్ ఆండర్సన్, స్టువర్ట్ బ్రాడ్ దిగారు. టెస్టుల్లో ఇద్దరూ కలిసి ఆడటం అదే మొదలు. మొదటి ఇన్నింగ్స్‌లో ఆండర్సన్ 5 వికెట్లు తీశాడు, ఇంగ్లండ్ మ్యాచ్ గెలిచింది, తర్వాత సిరీస్ కూడా. ఆండర్సన్ 704 టెస్టు వికెట్ల దగ్గర, బ్రాడ్ 604 దగ్గర ఆగారు. ఆ జోడీ చరిత్ర చెప్పేటప్పుడు కెప్టెన్ మైకేల్ వాన్ పేరు వినిపిస్తుంది, కోచ్ పేరు వినిపించదు. నాకు ఇది బాధగా ఉంటుంది.

గ్రేమ్ స్వాన్ సంగతి కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి జట్టు బయటే ఉండిపోయిన స్వాన్ 2007లో శ్రీలంక వన్డేలకు తిరిగొచ్చింది మూర్స్ హయాంలోనే. 2008 డిసెంబరులో చెన్నైలో టెస్టు ఆరంగేట్రం చేసి, తన మొదటి ఓవర్లోనే గంభీర్‌ని, ద్రవిడ్‌ని అవుట్ చేశాడు.

మాట్ ప్రయర్‌ని "సొంత మనిషి" అని ఆడించాడంటారు. నిజమేనా?

ప్రయర్ ససెక్స్‌లో మూర్స్ చేతుల్లో పెరిగిన కుర్రాడే. 2007 మేలో, ఇంగ్లండ్ కోచ్‌గా మూర్స్ మొదటి టెస్టులోనే అతన్ని లార్డ్స్‌లో దించారు. వెస్టిండీస్ మీద 126 నాటౌట్. ఇంగ్లండ్ కీపర్ ఎవరూ అంతకుముందు ఆరంగేట్రంలో సెంచరీ కొట్టలేదు. పక్షపాతం అన్నవాళ్ల నోళ్లు కొన్నాళ్లు మూతపడ్డాయి.

బ్యాటింగ్ సరే, కీపింగ్‌లో తప్పులు వచ్చాయి. 2007 చివర శ్రీలంక టూర్ అయ్యాక ప్రయర్‌ని తీసేశారు. వచ్చింది టిమ్ ఆంబ్రోస్. ఇతనూ ససెక్స్ కుర్రాడే. 2003లో ఇద్దరూ ఒకే జట్టులో గ్లవ్స్ కోసం పోటీపడ్డవాళ్లు. పైన చెప్పిన వెల్లింగ్టన్ టెస్టులోనే ఆంబ్రోస్ 102 కొట్టాడు. 2008 చివర్లో, కీపింగ్ సరిదిద్దుకున్న ప్రయర్ చెన్నై టెస్టుకల్లా మళ్లీ జట్టులోకి వచ్చాడు. సొంత మనిషి అని చూసి ఉంటే మధ్యలో తీసేయడం జరిగేది కాదు.

ప్రయర్ ఆఖరి టెస్టు 2014 జులైలో ఇండియా మీద, అదీ లార్డ్స్‌లోనే. అప్పుడూ కోచ్ మూర్స్. మొదటి టెస్టు, చివరి టెస్టు ఒకే మైదానంలో, ఒకే కోచ్ కింద. మధ్యలో ఐదేళ్లు ఇద్దరి దారులూ వేరు.

కెవిన్ పీటర్సన్‌తో గొడవ ఏమిటి?

2008 ఆగస్టులో వాన్ రాజీనామా చేశాక పీటర్సన్ కెప్టెన్ అయ్యాడు. అతను స్వతహాగా సొంత పద్ధతిలో సిద్ధమయ్యే ఆటగాడు. మూర్స్ ఫిట్‌నెస్, డ్రిల్స్, నిరంతర పర్యవేక్షణ కోరే కోచ్. కోచ్ అతిగా జోక్యం చేసుకుంటున్నాడని పీటర్సన్‌కి అనిపించింది, ఈ కోచ్‌తో జట్టు ముందుకి పోదని బోర్డుకి చెప్పాడు. విషయం పత్రికలకు పొక్కింది. 2009 జనవరి 7న బోర్డు మూర్స్‌ని తొలగించింది, అదే రోజు పీటర్సన్ కెప్టెన్సీ కూడా పోయింది. అప్పటికి అతను కెప్టెన్‌గా ఆడింది 3 టెస్టులే.

తప్పెవరిది అంటే, ఇద్దరినీ కలిపిన బోర్డుది ఎక్కువ తప్పు అంటాను. ఇద్దరికీ పడదని తెలిసే కెప్టెన్సీ ఇచ్చారు. మూర్స్ వైపు లోపం కూడా ఉంది. 22 ఏళ్ల కౌంటీ కుర్రాడికి పనికొచ్చే పద్ధతి 50 టెస్టులు ఆడినవాడికి పనికిరాదు. వాన్, పీటర్సన్ లాంటివాళ్లకు కోచ్ ఎప్పుడు నోరు మూసుకుని ఉండాలో తెలియడం ముఖ్యం. ఆ రోజుల మూర్స్‌కి అది కష్టమైంది.

తర్వాత పగ్గాలు అందుకున్నది ఆయన తెచ్చిన ఆండీ ఫ్లవరే. ఆండర్సన్, బ్రాడ్, స్వాన్, ప్రయర్‌లతోనే ఫ్లవర్ 2010–11లో ఆస్ట్రేలియాలో యాషెస్ గెలిచాడు. ఇంగ్లండ్ టెస్టుల్లో నంబర్ వన్ అయింది. ఫ్లవర్ గొప్పవాడే, సందేహం లేదు. ఆ సరుకు సర్దిపెట్టిందెవరో కూడా చెప్పుకోవాలి.

ఇండియాతో ఆయన జట్ల రికార్డు ఏమిటి?

మూడు టెస్టు సిరీస్‌లు. 2007లో ఇంగ్లండ్‌లో ద్రవిడ్ సేన 1-0తో గెలిచింది. 1986 తర్వాత అక్కడ మనకు అదే మొదటి సిరీస్ విజయం. ట్రెంట్ బ్రిడ్జ్‌లో క్రీజు దగ్గర జెల్లీ బీన్స్ పడేయడం, జహీర్‌కి మండుకురావడం ఈ సిరీస్‌లోదే. తర్వాత వన్డేలు 4-3తో ఇంగ్లండ్ గెలిచింది.

2008 నవంబరులో ఇక్కడికొచ్చి వన్డేల్లో వరసగా 5 ఓడారు. అప్పుడే ముంబై మీద దాడి. మిగిలిన వన్డేలు రద్దయి జట్టు ఇంటికి వెళ్లిపోయింది. టెస్టులకు తిరిగొస్తారా రారా అన్న టెన్షన్ మధ్య వాళ్లు వచ్చారు. ఆ రాక విలువ మనకు తెలుసు. చెన్నైలో స్ట్రాస్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టాడు. 387 లక్ష్యం. సెహ్వాగ్ 68 బంతుల్లో 83 దంచి దారి వేశాడు, సచిన్ 103 నాటౌట్‌తో ముగించాడు. మ్యాచ్ మనది. రెండో టెస్టు డ్రా.

2014లో లెక్క తిరగబడింది. లార్డ్స్‌లో ఇషాంత్ 7 వికెట్లతో మనం గెలిచినా, తర్వాతి మూడు టెస్టులు వరసగా ఓడి 3-1తో సిరీస్ పోగొట్టుకున్నాం. సౌతాంప్టన్‌లో ప్రయర్ స్థానంలో వచ్చిన జోస్ బట్లర్ మొదటి టెస్టులోనే 85 కొట్టాడు. మోయిన్ అలీ సిరీస్‌లో 19 వికెట్లు తీశాడు.

హైదరాబాద్‌తో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. వి.వి.ఎస్. లక్ష్మణ్ 2007లో, మళ్లీ 2009లో లాంకషైర్‌కి ఆడాడు. 2009 ఫిబ్రవరిలో, ఇంగ్లండ్ ఉద్యోగం పోయిన కొన్ని వారాలకే, మూర్స్ లాంకషైర్ కోచ్‌గా చేరాడు. అంటే ఆ సీజన్‌లో లక్ష్మణ్‌కి కోచ్ మూర్సే. అంతకు కొన్ని నెలల ముందు చెన్నైలో ఇద్దరూ ఎదురెదురు డ్రెస్సింగ్ రూముల్లో ఉన్నారు.

రెండో ముడి కొత్తది. 2025 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ తరఫున ఉప్పల్‌లో సెంచరీ కొట్టిన ఇషాన్ కిషన్, ఆ వేసవిలోనే నాటింగ్‌హామ్‌షైర్‌కి రెండు చాంపియన్‌షిప్ మ్యాచ్‌లు ఆడాడు. యార్క్‌షైర్ మీద మొదటి ఇన్నింగ్స్‌లోనే 87. ఆ ఏడాది టైటిల్‌లో అతని వంతూ ఉంది.

లాంకషైర్‌లో ఏం చేశాడు?

2011 చాంపియన్‌షిప్. లాంకషైర్ ఎవరితోనూ పంచుకోకుండా గెలిచింది 1934లో. 1950లో సర్రీతో కలిపి ఇచ్చారు. ఆ తర్వాత ఎన్నిసార్లు దగ్గరికొచ్చినా చేజారింది.

2011లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో కట్టుబడి పనులు నడుస్తుండడంతో సొంత మ్యాచ్‌లు ఎక్కువగా లివర్‌పూల్‌లోని ఐగ్‌బర్త్‌లో ఆడారు. జట్టులో పెద్ద స్టార్లు లేరు. కెప్టెన్ గ్లెన్ చాపెల్‌కి 37 ఏళ్లు. సీజన్ చివర హాంప్‌షైర్ మీద డ్రా తప్పదనిపించిన మ్యాచ్‌లో కుర్ర స్పిన్నర్ సైమన్ కెరిగన్ 51 పరుగులకు 9 వికెట్లు తీసి, ఆట ముగియబోతుండగా గెలిపించాడు. ఆఖరి మ్యాచ్ టాంటన్‌లో. సోమర్‌సెట్ మీద చివరి రోజు సాయంత్రం పరుగులు ఛేదించి గెలిచారు. అవతల వార్విక్‌షైర్ హాంప్‌షైర్‌ని ఓడించలేకపోయింది. 77 ఏళ్ల తర్వాత టైటిల్.

తర్వాతి ఏడాదే రెండో డివిజన్‌కి జారిపోయారు. 2013లో రెండో డివిజన్ గెలిచి పైకొచ్చారు. కౌంటీ కోచ్ బతుకు అలాగే ఉంటుంది.

రెండోసారి ఇంగ్లండ్‌కి ఎందుకు పిలిచారు? ఎందుకు తీసేశారు?

ఆస్ట్రేలియాలో 5-0 ఓటమితో ఫ్లవర్ తప్పుకున్నాక, 2014 ఏప్రిల్‌లో పిలుపు వచ్చింది. టెస్టుల్లో పని బాగానే సాగింది. జో రూట్‌ని తిరిగి తీసుకున్నారు, లార్డ్స్‌లో శ్రీలంక మీద 200 నాటౌట్ కొట్టాడు. మోయిన్, బట్లర్ టెస్టుల్లోకి వచ్చారు. ఈ దఫా 10 టెస్టుల్లో 4 గెలుపులు, 3 ఓటములు.

ముంచింది 2015 ప్రపంచకప్. టోర్నీకి రెండు నెలల ముందు కెప్టెన్ కుక్‌ని మార్చి మోర్గాన్‌ని పెట్టారు. ఆస్ట్రేలియా మీద ఘోర ఓటమి. న్యూజిలాండ్ మీద 123కి ఆలౌట్, సౌథీకి 7 వికెట్లు. శ్రీలంక 9 వికెట్లతో ఓడించింది. మార్చి 9న అడిలైడ్‌లో బంగ్లాదేశ్ చేతిలో 15 పరుగుల తేడాతో ఓడడంతో నాకౌట్ ఆశలు పోయాయి. మిగతా ప్రపంచం 330, 350 కొడుతుంటే ఇంగ్లండ్ పాతకాలపు వన్డే ఆడింది. ఈ నింద మూర్స్ మీద న్యాయంగానే పడింది.

మేలో, డబ్లిన్ దగ్గర ఐర్లండ్‌తో వర్షార్పణమైన వన్డే అయ్యాక ఉద్యోగం తీసేశారు. నిర్ణయం ఆయనకు చెప్పేలోపే వార్త బయటికి పొక్కింది. ఎంత ఓడినా ఒక మనిషిని అలా పంపకూడదు.

"డేటా చూడాలి" అన్నది ఆయనేనా?

ఆయన అలా అనలేదు. బంగ్లాదేశ్ మ్యాచ్ తర్వాత ఇంటర్వ్యూలో ఓటమి కారణాలు "లేటర్" (తర్వాత) చూసుకోవాలి అన్నాడు. అది "డేటా" అని వినపడి, లాప్‌టాప్ కోచ్ అన్న ముద్ర పడిపోయింది. తప్పుగా విన్నామని బీబీసీ తర్వాత ఒప్పుకుంది. అప్పటికే వెక్కిరింతలు ఊరంతా తిరిగొచ్చాయి. ఇప్పటికీ తెలుగు క్రికెట్ గ్రూపుల్లో ఆ మాట ఆయనదే అని రాస్తుంటారు. దయచేసి ఆపండి.

నాటింగ్‌హామ్‌షైర్‌లో కథ ఏమిటి?

2015లోనే కన్సల్టెంట్‌గా చేరి, 2016 చివర్లో హెడ్ కోచ్ అయ్యాడు. 2017లో మూడు పనులు ఒకే ఏడాదిలో: వన్డే కప్, టీ20 బ్లాస్ట్, మొదటి డివిజన్‌కి ప్రమోషన్. లార్డ్స్ వన్డే ఫైనల్లో అలెక్స్ హేల్స్ 187 నాటౌట్. 2020లో మళ్లీ బ్లాస్ట్.

మధ్యలో 2019 ఉంది. చాంపియన్‌షిప్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా అట్టడుగుకి పడిపోయారు. మన అశ్విన్ కొన్ని మ్యాచ్‌లు ఆడి వికెట్లు తీసినా లాభం లేకపోయింది. చాలా క్లబ్బులు అక్కడితో కోచ్‌ని సాగనంపేవి. నాటింగ్‌హామ్‌షైర్ ఉంచుకుంది. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ నిర్ణయం.

2019 చివర్లో లాంకషైర్ వదిలేసిన హసీబ్ హమీద్‌ని తీసుకున్నారు. 2016లో రాజ్‌కోట్‌లో మన మీద 19 ఏళ్ల వయసులో టెస్టు ఆరంగేట్రం చేసి, మొహాలీలో విరిగిన వేలితో 59 నాటౌట్ ఆడిన కుర్రాడు అతను. తర్వాత ఫామ్ పూర్తిగా పోయింది. నాటింగ్‌హామ్‌లో మళ్లీ నిలదొక్కుకున్నాడు, కెప్టెన్ అయ్యాడు. 2022లో జట్టు రెండో డివిజన్ గెలిచి పైకొచ్చింది. 2025 సెప్టెంబరులో, వరసగా మూడేళ్లు గెలిచిన సర్రీని వాళ్ల సొంత ఓవల్ మైదానంలో 20 పరుగుల తేడాతో ఓడించి, తర్వాతి మ్యాచ్‌లో ట్రెంట్ బ్రిడ్జ్‌లో టైటిల్ ఖాయం చేసుకున్నారు. 2010 తర్వాత నాటింగ్‌హామ్‌షైర్‌కి ఇదే మొదటిది. మూర్స్‌కి అప్పుడు 62 ఏళ్లు.

జట్టులో కొడుకు కూడా ఉన్నాడు కదా?

ఉన్నాడు. టామ్ మూర్స్, అతనూ కీపర్. క్రిస్ రీడ్ 2017లో రిటైరయ్యాక నాటింగ్‌హామ్‌షైర్ గ్లవ్స్ అతనికి వచ్చాయి. టీ20ల్లో బాగా రాణించాడు. 2025 చాంపియన్‌షిప్‌లో ప్రధాన కీపర్ మాత్రం దక్షిణాఫ్రికాకి చెందిన కైల్ వెరైన్. కోచ్ కొడుకు అన్నది లెక్కలోకి రాలేదు.

ఇలా కోచ్‌లైన ఇంగ్లండ్ కీపర్లు ఇంకెవరు?

చాలామందే. స్టీవ్ రోడ్స్ 2019 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్ కోచ్. బ్రూస్ ఫ్రెంచ్ ఇంగ్లండ్ కీపర్లకు చాలాకాలం శిక్షణ ఇచ్చాడు. మూర్స్ రెండోసారి వెళ్లాక తాత్కాలికంగా జట్టుని నడిపిన పాల్ ఫార్‌బ్రేస్ కూడా కీపరే. సారా టేలర్ 2021లో ససెక్స్ పురుషుల జట్టుకి కీపింగ్ కోచ్‌గా చేరింది. మూర్స్ ఆడిన మైదానంలోనే.

మన దగ్గర గుంటూరు కీపర్ ఎమ్మెస్కే ప్రసాద్ 6 టెస్టులు ఆడి, తర్వాత జాతీయ చీఫ్ సెలెక్టర్ దాకా వెళ్లాడు. దారి వేరు, కానీ ఆటని చదివే కన్ను ఒకటే.

కౌంటీ మ్యాచ్‌లు మనం చూడొచ్చా?

చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. చాంపియన్‌షిప్ మ్యాచ్‌లను కౌంటీ క్లబ్బులు తమ యూట్యూబ్ చానళ్లలో లైవ్ ఇస్తాయి. సీజన్ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. ఉదయం 11కి మొదలయ్యే ఆట మనకు మధ్యాహ్నం 3:30కి వస్తుంది. ఏప్రిల్‌లో చలి, బంతి తెగ స్వింగ్ అవుతుంది. కీపింగ్ నేర్చుకునే పిల్లలుంటే ఆ నెల మ్యాచ్‌లే చూపించండి. బ్యాట్స్‌మన్‌ని దాటాక కూడా బంతి ఊగుతూ వస్తుంటే కీపర్ పాదాలు ఎలా కదులుతున్నాయో, చేతులు ఎంత ఆలస్యంగా మూసుకుంటున్నాయో ఆపి ఆపి చూడొచ్చు.